జేజి కండ్ల మసక

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ఒక్క మాట కూడా కల్పన కాదని మా ఇంటి మగ్గం మీద ఒట్టేసి చెబుతున్నాను. నా కతలు ఇదివరకు విన్నవాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వనీండి.

ప్రొద్దుటూరులో నేతగాళ్లకు ప్రభుత్వం కట్టించిన కాలనీలో మాది ఒంటి గది ఇల్లు. అందులో సగం మగ్గానిదే. మిగిలిన సగంలో అమ్మ, నాయన, నాయన తల్లి అయిన మా జేజి, పిల్లలం ఆరుగురం. పడుకున్నాక ఒకరు పక్కకు తిరగాలంటే అందరూ తిరగాల్సిందే. అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంత నా పడక.

పులివెందులలో మా మేనమామకు చీనీ తోట, అదే బత్తాయి తోట, రెండు గదుల మిద్దె ఉండేవి. పిల్లలు లేరు. ఒకనాడు వచ్చి నన్ను తనకు ఇమ్మని అడిగాడు.

"ఈడ కాళ్లు చాపుకునేదానికి చోటు లేదు గదా బావా. వాణ్ణి నా బిడ్డ మాదిరి చూసుకుంటా" అన్నాడు.

నాయన కాదనలేకపోయాడు. అమ్మ నా చొక్కాలు మడిచి సంచిలో పెట్టింది గానీ, నా మొహం వైపు చూడలేదు. ఆ ఇంట్లో నేనొక ఎక్కువైన మనిషినని అంతకుముందెన్నడూ నాకు తోచలేదు.

ఆ పొద్దు మగ్గం మీద పాత పడుగు అయిపోయింది. జేజి కూర్చుని కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే పాత కొసలకు అతుకుతోంది. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు పోగులు మెలిపెట్టిందంటే అతుకు ఎక్కడుందో దేవుడికి కూడా కనిపించేది కాదు. అటువంటి మనిషి చీర అంచులో ఎర్ర పోగుకు పసుపు పోగు అతికింది.

"ఏందిమ్మా ఇది? రంగు కూడా తెలీలేదా?" నాయన బిత్తరపోయాడు.

"కండ్లకు మసక కమ్మింది నాయనా. ఏది ఎర్రదో ఏది పసుపుదో ఈ పిల్లోడు చెప్తాంటే గానీ నాకు చేతులాడవు. వాణ్ణి పంపిస్తే మగ్గం నిలిపేసుకో."

"ఇంకా ఐదుగురు ఉండారు గదమ్మా!"

"వాళ్లకు ఓపిక యాడిది? నోరు తప్ప ఏమీ ఆడదు."

అక్కలు మూతులు ముడుచుకున్నారు. నేను జేజి పక్కన చేరి, ఇది ఎర్రది, ఇది పసుపుది అని చెప్పసాగాను. నా కళ్లు లేకపోతే ఆ ఇల్లు గడవదని నిజంగానే నమ్మాను. మామ భోంచేసి, మరి కాసేపు చూసి, బస్సుకు పొద్దుపోతాందని గొణుక్కుంటూ ఒక్కడే వెళ్లిపోయాడు. ఆయన సందు మలుపు తిరిగాడో లేదో, జేజి ఆ తప్పు పోగు తెంపి, అటు చూడనైనా చూడకుండా సరైనదానికి అతికింది.

గది పెరగలేదు. గుంత కూడా అదే. కానీ నాకు మాత్రం ఆ రోజు నుంచి ఇల్లు ఇరుకనిపించలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా తాము బరువయ్యామన్నట్టు ఒక మూల ఒదిగి కూర్చుంటే, కళ్లజోడు జేబులో దాచేసి, "ఇందులో ఏముందో కాస్త చదివి పెట్టప్పా" అంటాను.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. మామ గొణుక్కుంటూ పోయాడన్నది నా కల్పన. జేజీ నేనూ కలిసి ఆయన్ను బురిడీ కొట్టించామని చెప్పుకోవడం బాగుంటుందని ఇన్నాళ్లూ అట్లే చెబుతూ వచ్చాను. నిజానికి మామ అన్నం తింటుంటే, గది ఆ చివర నుంచి జేజి అలవాటు కొద్దీ, "అప్పా, అన్నంలో చీమ పడింది, చూసుకో" అంది. అని నాలిక కరుచుకుంది. మామ చీమను చూశాడు, జేజిని చూశాడు, ఆమె కొంగు పట్టుకుని ఉన్న నన్ను చూశాడు. చీమను తీసేసి, తిని చెయ్యి కడుక్కున్నాడు. సంచిలోంచి నా చొక్కాలు తీసి అమ్మ చేతికిచ్చి, గడప దగ్గర చెప్పులేసుకుంటూ అన్నాడు:

"వస్తా అత్తా. ఆ కండ్లకు మందు గిందు ఏం వేసుకోవాకు. అట్లే ఉండనీ."