ఎసట్లో పోసిన ఒడిబియ్యం

కేథరిన్‌ను చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళే. ఈ మాట ఆమెకూ తెలుసు. తెలిసే ప్రతి శుక్రవారం మా ఇంటికి భోజనానికి వస్తుంది.

ఆమె మా గడప తొక్కింది రెండువేల పదహారులో, ఒక గురువారం సాయంత్రం. కువైట్‌లో, మంగాఫ్‌లో మేమున్న బిల్డింగులోనే పైన నర్సులు ఉంటారు. వాళ్ళలో రూతమ్మది కాకినాడ. ఆమే కేథరిన్‌ను చెయ్యి పట్టుకుని దింపుకొచ్చింది. మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు, కాళ్ళకు ఆస్పత్రి చెప్పులు. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిపిల్ల అట. గుడ్డ మాడ్చిందని మామా, ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే అంటాం, ఇస్త్రీపెట్టె తెచ్చి చేతిమీద పెట్టిందట. వాళ్ళు బంధువులింటికి పోయిన పూట గోడ దూకింది. టాక్సీవాడు జాలిపడి రూతమ్మ పనిచేసే ఆస్పత్రిలో దింపాడు.

నర్సుల గదిలో బయటివాళ్ళను ఉంచనివ్వరు, శుక్ర శనివారాలు ఆఫీసులు ఉండవు, ఆదివారం నేనే ఎంబసీకి తీసుకుపోతాను, అంతదాకా నీ దగ్గర ఉంచుకో సంజీవమ్మా అని రూతమ్మ అడిగింది. మా ఆయన ఓబులేసు క్రేన్ నడుపుతాడు. పారిపోయిన మనిషిని దాచితే మన మీద కేసు పడుతుందని ఆయన భయం. దాచినట్టు కాదు, ఆస్పత్రి పోలీసు దగ్గర పేరు రాయించాను, డాక్టరు చేత కాలిన గాయమని రాయించి ముద్ర వేయించాను అని రూతమ్మ చెప్పింది. ఇప్పుడు ఇంటిపనివాళ్ళకు కూడా చట్టం వచ్చిందట. సర్కారు షెల్టర్ ఉందట, ఆగిన జీతం ఇప్పిస్తారట, వీసా ఇచ్చిన కఫీల్ ఒప్పుకోకపోయినా ఇక్కడుండే ఇఖామా కాగితం ఇంకో ఇంటికి మారుస్తారట.

ఆమె అవన్నీ చెబుతుంటే నాకు కడుపులో నిప్పు పడింది.

నాకొక చెల్లెలు ఉండేది, రెడ్డెమ్మ. రైల్వే కోడూరు నుంచి నా వెనకే కువైట్‌కు వచ్చింది, ఇంటిపని వీసా మీద. రెండువేల నాలుగులో ఆమె కూడా ఇలాగే పారిపోయి నా దగ్గరకే వచ్చింది. ఆమె వీపు మీది వాతలు నేనొక్కదాన్నే చూశాను. ఏ డాక్టరూ చూడలేదు, ఏ ముద్రా పడలేదు. ఆమెకు వీసా తెచ్చిచ్చిన మా పెదనాయన కొడుకు గంగులన్న, ఇక్కడే డ్రైవరు, వచ్చి మాట్లాడాడు. కోడలు అలిగి పుట్టింటికి వస్తే పెద్దమనుషులు సర్ది పంపరా, ఇదీ అంతే అన్నాడు. మా వైపు ఆడబిడ్డను అత్తింటికి పంపేటప్పుడు కొంగులో బియ్యం, పసుపు, కొబ్బరిచిప్ప పోసి పంపుతాం, ఒడిబియ్యం అంటాం. అలాగే నా చేత రెడ్డెమ్మ కొంగు నింపించి, కారులో కూర్చోబెట్టి మళ్ళీ వాతలు పెట్టిన ఆ మామా ఇంటికే తీసుకుపోయాడు. నెల తిరక్కుండానే మేడ మీద నుంచి పడిందన్నారు. ఎలా పడిందో అడగడానికి మాకు మనిషీ లేడు, మాటా లేదు.

అందుకని కేథరిన్ మీద నాకు జాలి రాలేదు. ఆమె గాయం చూసి కూడా కుళ్ళుకున్నాను. దాన్ని పదిమంది చూశారు, మందు రాశారు, తెల్లటి కట్టు కట్టారు. రెడ్డెమ్మ కప్పుకున్న దుప్పటే ఇచ్చాను, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. శుక్రవారం చేపల పులుసు చేస్తే రెండుసార్లు అడిగి వేయించుకుంది. వాళ్ళ ఊరు రాజోలు పక్కన. మొగుడు వదిలేసి పోతే రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచి కొడుకును సాకింది. వాడి పేరు కిరణ్ కుమార్, అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. పులుసు తింటూ మా రొయ్యల ముందు మీ చేప ఎంతలెండి అక్కా అని నవ్వింది. చేతికి అంత కట్టు పెట్టుకుని కూడా నవ్వగలుగుతోందే అనుకున్నాను.

ఆమె చేసిన తప్పు ఒకటే. కొడుకు ఫొటో ఉన్న సంచీ ఆ ఇంట్లోనే ఉండిపోయిందని, శనివారం పొద్దున ఆ ఇంటి డ్రైవరుకు ఫోన్ చేసి తానెక్కడుందో చెప్పేసింది. డ్రైవర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. మధ్యాహ్నానికల్లా గంగులన్న మా తలుపు కొట్టాడు. చేతిలో మామా పంపిన ఖర్జూరాల పెట్టె ఉంది.

గంగులన్న చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. రెడ్డెమ్మ శవాన్ని ఊరికి పంపిన రోజు నాకంటే ఎక్కువ ఏడ్చాడు. కుర్చీలో కూర్చుని కేథరిన్‌కు నిదానంగా చెప్పాడు. వెనక్కి వస్తే మామా ఏమీ అనదు, రాకపోతే బంగారు గొలుసు దొంగతనం కేసు పెడుతుంది, జైల్లో పడితే కొడుకును ఎవరు చూస్తారు అని. ఆమె ముఖం పాలిపోయింది. కాసేపటికి లేచి దుప్పటి మడతపెట్టింది.

"ఎల్లిపోతానక్కా. నా వల్ల మీకెందుకండి ఈ గొడవంతా."

గంగులన్నకు ప్రాణం కుదుటపడింది. నా వైపు తిరిగాడు.

"వొట్టి కొంగుతో పంపగాకు సంజీవమ్మా. కిరస్తానీ పాపయితే ఏముందిలే, ఒడి నింపి పంపు. మన చేతి మంచి మనం చెయ్యాల."

వంటింట్లోకి పోయాను. డబ్బాలోంచి బియ్యం చాటలో పోశాను, పసుపు కూడా తీశాను. అలవాటైన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చాట ఎత్తేసరికి రెడ్డెమ్మ కొంగు పట్టుకుని నిలబడటం కళ్ళకు కట్టింది. కొంగు పట్టి ఆమె నన్ను ఒక్క మాటా అడగలేదు. పొయ్యి మీద మధ్యాహ్నం అన్నానికి పెట్టిన ఎసరు మరుగుతోంది. చాటలో బియ్యం కడిగి ఎసట్లో పోసేశాను.

వట్టి చాటతో బయటికి వచ్చాను. మా ఇంట్లో నేను ఎక్కువ మాట్లాడను, మూలన కూర్చున్న మా ఆయనకు తెలుసు. ఆ రోజు ఆయన కూడా తల ఎత్తి చూశాడు.

"మ్మే కేథరినూ, నువ్వు పోతే నాకేం నష్టం లేదు. నిన్ను చూస్తే నాకు కడుపుమంట. మా చెల్లెలికి ఒక్క తలుపన్నా తెరుసుకోల్యా. నీకు డాక్టరు తెరిసినాడు, పోలీసు తెరిసినాడు, రేపు ఎంబసీ తెరుస్తాది. అన్నీ తెరిసిపెట్టినంక ఆ ఇంట్లోకే పోతానంటివే, అవి నా చెల్లెలికన్నా ఇచ్చిండకూడదా దేవుడు?"

గంగులన్న ఏదో అనబోయాడు.

"ఉడుకుతా ఉండాయి న్నా నీ ఒడిబియ్యం. తినేసి పో."

గంగులన్న తినలేదు. ఖర్జూరాల పెట్టె మాత్రం మర్చిపోకుండా తీసుకుపోయాడు. కేథరిన్ గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చి, తర్వాత వచ్చి కంచం ముందు కూర్చుంది.

మామా మాట మీద నిలబడింది, దొంగతనం కేసు పెట్టింది. కానీ అంతకు ముందే డాక్టరు కాగితం, ఆస్పత్రి పోలీసు దగ్గర రాత ఉన్నాయి కాబట్టి అది నిలవలేదు. ఆ రెండూ చేతిలో ఉండబట్టే ఆదివారం ఎంబసీ వాళ్ళు మనిషిని తోడిచ్చి సర్కారు షెల్టర్‌కు పంపారు. అందులో కొన్నాళ్ళు ఉంది. అక్కడ తెలుగు రాని ఆఫీసరమ్మకు చేతులతో చూపించి చూపించి తన సంగతంతా చెప్పిందట. ఆగిన జీతం వచ్చింది, ఇఖామా సల్వాలో ఇంకో ఇంటికి మారింది. చట్టం ప్రకారం వారానికొక రోజు సెలవు. ఆ సెలవుకే మా ఇంటికి వస్తుంది.

వచ్చి తింటుంది, కొడుకుతో ఫోన్లో గొడవపడుతుంది, కాలిన చేతిని ఎవరు అడిగినా దాచకుండా చూపిస్తుంది. సల్వాలో ఇంకో ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లకు మొదట ఆస్పత్రికి పో, తర్వాతే ఎవరికైనా ఫోన్ చెయ్ అని ఆమే చెప్పి పంపిందట. అది విని కూడా కుళ్ళుకున్నాను. రెడ్డెమ్మ నా దగ్గరకు వచ్చిన రోజు ఆ మాట చెప్పే మనిషి ఎక్కడుంది?

పోయిన శుక్రవారం కేథరిన్ కిటికీ దగ్గర తల విప్పుకుని కూర్చుంటే, పాపిట పక్కన తెల్లవెంట్రుక కనబడింది.

"పీకెయ్యండక్కా, ఎవరైనా చూస్తారు" అంది.

వేలికి చుట్టుకున్నాను. రెడ్డెమ్మ జుట్టు నల్లగానే పోయింది. ఒక్క తెల్లవెంట్రుకకైనా నోచుకోలేదు.

"ఉండనీలే, నువ్వు సంపాదించుకున్నదే గదా" అని పీకకుండా జడ అల్లేశాను.