బాలానగర్ లేతు మిషను నుంచి వాడరేవు అలల దాకా

మా నాన్న ముప్పై ఎనిమిదేళ్లు బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేశాడు. అందులో చాలా ఏళ్లు ఆయన చేసింది పడవ ఇంజన్లకు వేసే ఇత్తడి బుష్‌లు. తిరిగే ఇనుప కడ్డీ ఊగకుండా పట్టి ఉంచే చిన్న గొట్టం ముక్కలు అవి. పెట్టెలకొద్దీ కోస్తాకు వెళ్లేవి. ఆయన మాత్రం ఎన్నడూ సముద్రం చూడలేదు. మొన్న వేసవిలో ఆ షెడ్డు మూతపడింది. అప్పటినుంచి నల్లగండ్లలో మా నాలుగో అంతస్తు బాల్కనీయే ఆయన లోకం. మిషన్ల మోతకు చెవులు సగం పోయాయి. ఎదుటివాళ్లను మళ్లీ మళ్లీ అడగలేక మాట్లాడటమే తగ్గించేశాడు. నాది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. డిసెంబరులో ఒక శనివారం పూర్తిగా ఖాళీ దొరికింది.

"నాయినా, సముద్రం చూసొద్దాం పా" అన్నాను, చెవి దగ్గరికి వంగి.

"గంత దూరం నాకెందుకు బిడ్డా. నువ్వు పోయిరా."

రెండు టికెట్లూ తీసేశానని చెప్పాక, లేచి వెళ్లి చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు.

మనకు దగ్గరి సముద్రమంటే చీరాల, బాపట్ల తీరమే. శుక్రవారం రాత్రి మియాపూర్‌లో స్లీపర్ బస్సు ఎక్కాం, మనిషికి తొమ్మిది వందలు. తెల్లారి ఐదున్నరకల్లా చీరాలలో ఉన్నాం. బస్టాండు ఎదురుగా వేడి ఇడ్లీ, అల్లం చట్నీ తిని, శ్రీను అనే ఆయన ఆటో రోజంతటికీ మాట్లాడుకున్నాను. మూడు బీచ్‌లు చూపించి సాయంత్రం బాపట్లలో దింపడానికి పద్దెనిమిది వందలు.

"ముందు వాడరేవుకు పోదామండి" అన్నాడు శ్రీను. "ఏడులోపైతే పడవలు వస్తా ఉంటాయి. ఆ తర్వాత వలలు తప్ప ఏమీ కనపడవు."

పట్టుమని ఏడు కిలోమీటర్లు కూడా లేదు. రోడ్డు చివర మలుపు తిరగ్గానే ఒక్కసారిగా ఎదురుగా అంతా నీళ్లు, దాని మీద అప్పుడే పైకొచ్చిన సూర్యుడు. నేను చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తాను. ముప్పై నాలుగేళ్లదాన్నన్న సంగతే గుర్తులేదు. మోకాళ్లదాకా తడిసి, నాన్న ముఖం ఎలా ఉందోనని వెనక్కి చూస్తే ఆయన అక్కడ లేడు. ఒడ్డుకు లాగిన ఒక ఫైబర్ పడవ దగ్గర నిలబడి, దాని ఇంజను వెనక్కి చాపిన పొడవాటి గొట్టాన్ని చూస్తున్నాడు. ఆ గొట్టంలోనే కడ్డీ తిరుగుతుంది, చివర నీటిని తోసే రెక్కలుంటాయి.

పడవ యజమాని కొండయ్య, యాభై దాటినవాడు, చిరాగ్గా ఉన్నాడు. ఇంజను వేస్తే పడవంతా అదిరిపోతోందట. చీరాల తీసుకెళ్లి కడ్డీ మార్పించాలని ఎవరో చెప్పారు. అదే జరిగితే రెండు రోజులు వేట ఉండదు.

"ఒక్కసారి వెయ్యి ఇంజను" అన్నాడు నాన్న.

కొండయ్య ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎవరన్నా నువ్వు?"

"గీ బుష్‌లు చేసినోణ్ని. హైదరాబాదుల."

ఊరు కాని ఊరు, ఎవరిదో బతుకుదెరువు. ఏదైనా పాడైతే? "నాయినా, వదిలెయ్. రామాపురం పోవాలె, టైమైతాంది" అన్నాను. వినిపించిందో లేదో తెలియదు. కొండయ్య ఇంజను వేశాడు. నాన్న చెవి పెట్టలేదు, అరచేయి పెట్టాడు. గొట్టం పొడవునా మెల్లగా జరుపుతూ చివరికొచ్చి ఆగాడు.

"కడ్డీ మంచిగున్నది. మార్చకు. బుష్ గొట్టంల లూజైంది, గంతే. ఇంజన్ బందు చెయ్."

శ్రీను కూల్‌డ్రింక్ టిన్ను ఒకటి వెతికి తెచ్చాడు. నాన్న దాన్ని కోసి, అంచులు రాయి మీద అరగదీసి, పడవలోని పనిముట్లతో బుష్‌ను బయటికి తీసి, చుట్టూ ఆ రేకు ఒక పొర చుట్టి మళ్లీ గొట్టంలోకి బిగించాడు. గంటన్నర పట్టింది. చుట్టూ పది మంది చేరారు. అందరూ అలల హోరు మీద నుంచి అరుస్తూ మాట్లాడేవాళ్లే. నాన్న ఒక్కసారి కూడా "ఏంది?" అని అడగలేదని నాకు చాలాసేపటికి గానీ తట్టలేదు. ఆయన జవాబులు చెబుతున్నాడు, నవ్వుతున్నాడు, ఎవరితోనో వాదిస్తున్నాడు కూడా.

ఇంజను మళ్లీ వేసినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. అదురు లేదు. కొండయ్య తన చేయి గొట్టం మీద పెట్టి చాలాసేపు తీయలేదు.

"నెల రోజులు నడుస్తది. ఆలోపల కొత్త బుష్ ఎయ్యి, మర్చిపోకు" అన్నాడు నాన్న.

"ఎక్కన్నా" అన్నాడు కొండయ్య. "నడుస్తదో లేదో నువ్వే చూద్దువుగాని."

లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. నలుగురు కలిసి పడవను నీళ్లలోకి తోశారు. మొదటి అల మీద ముక్కు పైకి లేచి దభాలున పడేసరికి నేను కేక పెట్టాను. నాన్న కడ్డీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఒడ్డు సన్నటి గీతలా మారాక తల తిప్పి నీళ్లను చూశాడు. చేయి కిందికి జార్చి ఆ ఆకుపచ్చ నీటిలో ఉంచి, "ఎండ గింత ఉన్నా సల్లగున్నయి బిడ్డా" అన్నాడు. వెనక్కి వచ్చేదాకా ఆ చేయి తీయలేదు.

పది గంటలకు రామాపురం చేరాం. ఐదారు నిమిషాల దారే. ఇసుక మెత్తగా ఉంటుంది, జనం తక్కువ. వెచ్చటి ఎండలో ఇద్దరం గంటసేపు తడిశాం. అల వచ్చినప్పుడల్లా నాన్న నా భుజం పట్టుకుని ఎగిరాడు. ఒంటిగంటకు దగ్గర్లోని పూరిపాక హోటల్లో చేపల పులుసు భోజనం, నూట ఎనభై. వండి వడ్డించిన ఆవిడ, "ఇంకో ముక్క వేసుకోండి బాబాయిగారూ, సముద్రంలో ఆడినోళ్లకు ఆకలేస్తది" అంటూ అడక్కుండానే వేసింది. మూడింటికి సూర్యలంక వెళ్లాం. అది పెద్ద బీచ్, శనివారం కాబట్టి కుటుంబాలతో సందడిగా ఉంది. మొక్కజొన్న కంకులు తింటూ, సరుగుడు తోటల వెనక సూర్యుడు దిగేదాకా నడిచాం. మా నీడలు అలలదాకా సాగాయి. నాన్న మాటలు ఆపలేదు. తొలిరోజుల్లో వేలు ఎలా తెగిందో, తనకు లేతు నేర్పిన మేస్త్రీ ఎంత కోపిష్ఠివాడో, ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పనివన్నీ చెప్పాడు.

ఆయనకు సముద్రం చూపించాలని బయలుదేరాను. నిజానికి ఆ రోజు నేను చూసింది మా నాన్నను. పని చేస్తున్నప్పుడు ఆయన ఎలా ఉంటాడో నాకు తెలియనే తెలియదు. చిన్నప్పుడు సాయంత్రాలు నూనె మరకలతో, అలసిపోయి ఇంటికొచ్చే మనిషిని మాత్రమే చూశాను. పది మంది మధ్య నిటారుగా నిలబడి, "కడ్డీ మార్చకు" అని చెప్పే మనిషి ఒకరున్నారని, ఆయన ఇన్నాళ్లూ మా ఇంట్లోనే ఉన్నాడని నాకు వాడరేవులో తెలిసింది. సిగ్గేసింది, ఆనందమూ కలిగింది. బాపట్లలో తిరుగు బస్సు ఎక్కేముందు ఆయన కిటికీ సీటు అడిగాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్కమాట. మూడు బీచ్‌లు ఒక్క రోజులో హాయిగా చూడొచ్చు. అయితే వాడరేవులో ఉదయం ఆరున్నర నుంచి ఓ రెండు గంటలు ఏ ప్లానూ పెట్టుకోకుండా వదిలేయండి. మీతో వచ్చిన పెద్దవాళ్లు ఎటు నడిస్తే, మీరూ అటే నడవండి.