మడిచి చూసే అంకుశం

పంచెల్లో ఎడమ అంచు మందంగా వచ్చిందని బట్ట కొనే సేఠ్ మనిషి, చుట్టిన పదిహేను తాకాల బట్టను టెంఘర్‌లోని మా నేత కార్ఖానాకు వాపసు తెచ్చాడు. బట్టలో తప్పులు పట్టే పనివాడు అంకుశం అందులో ఒక తాకా విప్పి, బల్ల మీద పరిచి, నిలువునా మధ్యకు మడిచాడు. ఎర్రంచు మీద ఎర్రంచు నూలు పోగు తప్పకుండా కూర్చుంది.

“మందమేడున్నది భయ్యా? ఒక్కదిక్కు గుంజి కొలిచినవు. బట్ట మంచిగనే ఉన్నది, నీ చెయ్యి వాపసు తీస్కపో!”

కండెలు చుట్టే ఆడవాళ్లం అందరం నవ్వాం. ఆ మనిషి తాకాలన్నీ మళ్లీ టెంపోకెత్తుకుని పోయాడు.

మడిచి చూస్తే దాగే తప్పు లేదని అంకుశం నమ్మకం. ఇరవై ఏళ్లు అన్నం పెట్టిన నమ్మకం. చివరికి అదే అతన్ని గదిలో వేసి తాళం పెట్టింది.

మొన్న ఎండాకాలం అతని బీపీ గోలీలకు లొంగలేదు. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయట, వాటిలో తేడా వచ్చినా బీపీ పెరుగుతుందట. డాక్టరు స్కాన్ తీయించి కొలిపించాడు. కుడిది ఆరు మిల్లీమీటర్ల మందం, ఎడమది ఎనిమిది. రెండూ బాగున్నాయి, గోలీ మారుస్తున్నాను, పనికి పో అన్నాడు.

చెప్పిన మాట వింటే అంకుశం ఎట్లా అవుతాడు? ఇంటికొచ్చి ఆ నల్ల ఫిలింను నిలువునా మడిచి కిటికీ వెలుగుకు పట్టాడు. ఎడమది కుడిదాని మీద కూర్చోలేదు.

అంతే, ఖోలి దాటలేదు. పదడుగుల గది. కిటికీ తెరిస్తే చేతికి తగిలేది కార్ఖానా గోడ. అవతల బట్ట నేసే సాంచాలు ఆడుతుంటే ఇవతల మంచం మీద ఎడమ పక్క అదిమి పట్టుకుని పడుకునేవాడు. కొత్త గోలీలు ముట్టలేదు. సోమవారం రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని కార్ఖానా మాలిక్ కబురు పంపాడు. భార్య స్వర్ణ అతన్ని మళ్లీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయి, తిరిగొచ్చి, వరుసకు అతనికి పెద్దవ్వనయ్యే నన్ను పిలిచింది.

“ఏమన్నడురా డాక్టరు?” అన్నాను.

“ఫిలిం మడిచినందుకు తిట్టిండు. ఎడమది జరంత మందంగనే ఉంటదట. ఏ రోగం లేనోళ్లను మస్తు మందిని గిట్లనే కొలిచి చూసిన్రట. ఎవలు పెద్దవ్వా గా మంది? నేను చూసిన్నా?”

“నీ ఇంటి ముంగట వరుసకు నిలవడాల్నా వాళ్లు? నీ మొకం గూడ మడిచి చూస్కో, ఒక మీసం కిందికున్నది.”

స్వర్ణ నవ్వింది. అతను గోడవైపు తిరిగాడు.

“పరాచికం గాదు. తాకా మీద అనుమానమొస్తే పక్కకు మంచి తాకా పెట్టి చూస్తం. నాకు పక్కకు పెట్టనీకి ఏమున్నది? ఊపిరాడ్తలేదు పెద్దవ్వా.”

సాంచాల చప్పుడుకు మంచం సన్నగా అదురుతూనే ఉంది. అతనే ఇటు తిరిగాడు. రెండేళ్ల కింద కడుపునొప్పికి నాకూ అట్లాంటి స్కానే తీశారు. పిత్తాశయంలో రాళ్లు తప్ప లోపలంతా పిల్లలాగా ఉందన్నారని వాడంతా చెప్పుకుని తిరిగింది నేనే.

“నీ ఫిలిం ఉన్నదా?”

“పరుపు కిందున్నది.”

“రేపు పట్టుకొని నాతోని రా. నా కండ్ల ముంగట డాక్టరు నీ ఫిలిం మీద నీ రెండు గ్రంథులు కొలవాలె. నీది గూడ ఎడమ మందమున్నదంటే గోలి మింగుత, సోమారం పనికివోత. మడత వడనియ్యకుండ తే పెద్దవ్వా.”