ఎండలో పెట్టిన ఆరు సెల్లులు

నేను చేసిన వెధవ పనులన్నిటినీ వరసగా నిలబెడితే ఆ వరస అరకు స్టేషన్ దగ్గర మొదలై, ఘాటీ దిగి, ఎస్.కోట దాకా వస్తుంది. అందులో అన్నిటికన్నా ముందు జెండా పట్టుకుని నిలబడే పని ఒకటుంది. అది ఆరు టార్చిలైటు సెల్లుల వ్యవహారం. మీరు చదవబోయేది ఒక సర్వనాశనం గురించి. ఇప్పుడు నేను కరెంటాఫీసులో గుమాస్తాని. కథ అయ్యాక ఆ ముక్క గుర్తొచ్చి నవ్వాలనిపిస్తే నవ్వేయండి. యోసేపు ఉంటే మీకన్నా ముందు నవ్వేవాడు.

1995లో మా నాన్నగారికి అరకులో రైల్వే ఉద్యోగం. నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు, జుట్టు మాత్రం భుజాలు దాటింది. చేతిలో ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు. దాన్ని క్వార్టర్సు వరండాలో వాయిస్తుంటే పక్కింటి గార్డుగారి గేదె పాలివ్వడం మానేసిందని గార్డుగారి భార్య మా అమ్మతో పోట్లాడింది. నేను మాత్రం అరకులో నన్ను మించిన రాక్ గిటారిస్టు లేడని నమ్ముతూ ఉండేవాణ్ణి. అది నిజమే, యోసేపు కంచె దగ్గర ఆగిన రోజు వరకూ.

ఆ రోజు సంత. నెత్తిన కాఫీ గింజల బస్తాతో ఒకతను ఆగి విన్నాడు. విని, "బాబూ, మూడో తీగ దిగిపోనాది, సూసుకోండి" అన్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"సెవులున్నాయి కదండీ."

నాకు ఒళ్ళు మండి, "అయితే నువ్వు వాయించు" అని గిటారు చేతికిచ్చాను. బస్తా దించి, చేతులు లుంగీకి తుడుచుకుని, తీగ సవరించి వాయించాడు. ఏం చెప్పమంటారు! ఆ తర్వాత నేను గిటారుని పెట్టెలో పెట్టి రెండ్రోజులు తియ్యలేదు. మూడో రోజు మూడు కొండ మలుపులు నడిచి అతని ఊరు వెళ్ళాను.

యోసేపు నాకన్నా మూడేళ్ళు పెద్ద. రెండెకరాల కాఫీ తోట, భార్య సుమతి, ఆదివారం చర్చిలో గిటారు, ఇదీ అతని బతుకు. ఆ గిటారు, ఊరు వదిలి వెళ్తూ పాస్టరుగారొకాయన ఇచ్చిపోయిన చెక్క గిటారు. కరెంటు అక్కర్లేనిది. భక్తి పాట వాయిస్తూ వాయిస్తూ మధ్యలో అతని వేళ్ళు ఎటో కొండెక్కిపోయేవి. కొత్త పాస్టరుగారు కళ్ళు మూసుకునేవారు, ప్రార్థనకో భయానికో తెలిసేది కాదు. నెల తిరిగేసరికి "బాబూ" పోయి "ఒరే సేకరం" వచ్చింది.

నా దగ్గర విశాఖ ఫుట్‌పాత్ మీద కొన్న విదేశీ క్యాసెట్ ఒకటుండేది. అందులో పాడేవాడు లేడు. చేయి తిరిగిన రాక్ గిటారిస్టులిద్దరు ఒకరు ఎత్తుకుంటే ఒకరు అందుకుంటూ గంటసేపు వాయిస్తారు. యోసేపు తన టేపురికార్డర్లో పెట్టి మూడుసార్లు విన్నాడు.

"ఈలిద్దరూ కొట్లాడుకుంతన్నారా, కబుర్లాడుకుంతన్నారా?"

"పోటీ కదా! ఎవడు గొప్పోడో తేల్చుకుంటున్నారు" అన్నాను పండితుడిలా.

"కాదురా. ఆడు వాయించినప్పుడు ఈడు తగ్గతన్నాడు సూడు. థింసాలో మా ఆడోళ్ళు ఒకరి నడుమెనక ఒకరు సేతులు కట్టుకుని ఆడరా? అందులో ఒకర్తి ఉరికిందంటే వరసంతా పడిపోతాది. ఇదీ అంతే."

అలా మేమిద్దరం ఏడాది పాటు మా సొంత ముక్క ఒకటి కట్టుకున్నాం. ఏడు నిమిషాలది. దానికి 'గెడ్డ' అని పేరు పెట్టాం, వానాకాలం వాగు పొంగినట్టు మొదట సన్నగా వచ్చి చివరికి ఊరు ముంచుతుందని. సన్నగా వచ్చేది యోసేపు. ఊరు ముంచేది ఎవరో మీకీపాటికి తెలిసే ఉంటుంది.

అప్పుడే విశాఖలో చిన్న రికార్డింగు స్టూడియో ఉన్న మాస్టారొకాయన మాటల్లేకుండా ఉత్త గిటార్లతో క్యాసెట్లు చెయ్యాలనుకుంటున్నాడని తెలిసింది. ఆయన దగ్గర ఒక గిటారిస్టు ఉన్నాడు. రెండోవాడు కావాలి. నెల జీతం, ఉండడానికి గది. నేను వెళ్ళి యోసేపు గురించి చెబితే, "ఒంటిగా ఎవడైనా వాయిస్తాడయ్యా. ఇంకొకడితో కలిసి ఎలా వాయిస్తాడో వినాలి. సోమవారానికి టేపు తీసుకురా" అన్నాడు.

చెప్పగానే యోసేపు గిటారు తీసి తీగలు సవరించడం మొదలెట్టాడు. సుమతి మాత్రం పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, "నిజమేనా బాబూ? ఈయనికి కొండ కింద గిటారు పనా?" అని రెండుసార్లు అడిగింది. ఆ ఏడు వాళ్ళ కాఫీ మొక్కలకి తెగులు తగిలి సగం ఎండిపోయాయి. ఆ టేపు మీద ఆ ఇంటి ఆశంతా ఉంది. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

గాలివాన వచ్చి కొండంతా కరెంటు పోయింది. సోమవారం పొద్దున్నకి కూడా రాలేదు. మధ్యాహ్నం పాసింజరు ఎక్కాలి. టేపురికార్డరుకి ఆరు సెల్లులు కావాలి. నా గిటారుకి చెప్పుల పెట్టంత యాంప్లిఫయరు డబ్బా ఉంది, దానికీ ఆరు కావాలి. ఊళ్ళో కొట్టులో ఉన్నవే ఆరు. అవి తెచ్చాం. ఇక మిగిలినవి యోసేపు కిటికీలో పడున్న పాత సెల్లులు, రేడియోకి ఊడిగం చేసి చేసి నీరసించినవి.

"కొత్తవి టేపురికార్డర్లో ఎయ్యిరా" అన్నాడు యోసేపు. "మనం వాయించింది గాల్లో పోతాది. టేపులోదే నిలబడతాది."

"మరి నా డబ్బా?"

"డబ్బా ఒగ్గీ. నువ్వు కూడా సర్చిలో పడున్న ఇంకో చెక్క గిటారు తెచ్చుకో."

చెక్క గిటారా! నేనా! నా ఎర్ర గిటారు గర్జించకపోతే మాస్టారికి నా సంగతి తెలిసేదెలా? ఉద్యోగం యోసేపుకే అయినా, వినగానే ఆయన "ఈ రెండోవాడెవడయ్యా, వీణ్ణి కూడా తీసుకురా" అంటాడని నాకో లోపలి లెక్క.

"పాత సెల్లులు ఎండలో పెడితే మళ్ళీ బతుకుతాయి. మా ఇంట్లో అలాగే చేస్తాం. ఏం ఫర్వాలేదు" అన్నాను.

మీ ఇళ్ళలో కూడా చేసే ఉంటారు, దాచకండి. రేకు కప్పు మీద అప్పడాల్లా పరిచాను. గంట ఎండ తగిలాక టేపురికార్డర్లో వేస్తే ఎర్ర లైటు వెలిగింది. "చూశావా!" అన్నాను. యోసేపు ఆ లైటు వంక అనుమానంగా చూశాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. ఆ రోజు వింత నా డబ్బాలోకి వెళ్ళింది, రోత యోసేపు వంతుకి వచ్చింది.

వాయించాం. యోసేపు గెడ్డని ఎంత సన్నగా ఎత్తుకున్నాడో చెప్పలేను. సుమతి గుమ్మంలో కూర్చుని కదల్లేదు. నేను నాలుగో నిమిషంలో దూరి కొండచరియలు విరిచేశాను. గిటారు కొంచెం, మోత ఘనం. ముక్క అయిపోయాక కూడా నా డబ్బా గీపెడుతూనే ఉంది. యోసేపు నా వైపు తిరిగి ఏదో అన్నాడు. ఆ మోతలో నాకు వినబడలేదు. వెనక్కి తిప్పి విందామంటే టేపురికార్డరు మూలిగి ఆగిపోయింది.

"నీ డబ్బాలో సెల్లులు తీసి ఇందులో ఎయ్యి. ఒకపాలి ఇనీసి ఎల్లు" అన్నాడు యోసేపు.

"రైలు పోతుంది. అయినా వినడమెందుకు, వాయించింది మనమే కదా!" అన్నాను.

ఇది రెండో వెధవ పని. లెక్క పెట్టుకుంటున్నారా?

విశాఖలో మాస్టారు కళ్ళజోడు సవరించుకుని క్యాసెట్ పెట్టాడు. మొదటి నిమిషం యోసేపు కాస్త చురుగ్గా వినబడ్డాడు. రెండో నిమిషానికి పరుగెత్తాడు. నాలుగో నిమిషానికి వాళ్ళింటికి దొంగలు పడ్డట్టు వాయిస్తున్నాడు. అప్పుడు నేను దూరాను. నా సింహగర్జన, అయ్యా, కోడిపిల్లల గంపలా ఉంది.

సంగతేమిటంటే, సెల్లులు నీరసిస్తున్నకొద్దీ టేపు నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన పాటని మంచి కరెంటు మీద పెడితే ఉరుకుతుంది. కరెంటాఫీసు గుమాస్తాకి ఇది తెలుసు. ఆనాటి మహానుభావుడికి తెలీదు.

మాస్టారు నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎలకల పెళ్ళి మేళమా ఇది? రేపట్నుంచి నాకు మనిషి కావాలి. ఇంకో కుర్రాడి టేపు బాగుంది, అతన్నే రమ్మంటాను. ఇంతకీ ఇదేమిటి ఇలా అయింది?"

అక్కడ నేను ఒక్క మాట అనాలి. 'తప్పు నాది మాస్టారూ, రేపటి బండికి అతన్నే తీసుకొస్తాను, ఎదురుగా కూర్చోబెట్టి వినండి' అనాలి. ఆయన మంచివాడే, వినేవాడేమో. కానీ కొత్త సెల్లులు నా డబ్బాలో వేసుకున్నానని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

"టేపురికార్డరు అతనిది మాస్టారూ. కొండ మీద పాత సరుకు" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. నేను వాడి మద్దెలనే ఓడని చెప్పి వచ్చాను. ఇది మూడోది. మిగతా రెంటికీ నవ్వొచ్చు గానీ దీనికి నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

యోసేపుకి క్యాసెట్ ఇచ్చి, వేరే మనిషి దొరికాడట అన్నాను. అప్పటికి కరెంటొచ్చింది. పెట్టి విన్నాడు. వింటూ వింటూ నేల మీద దొర్లి నవ్వాడు. "ఒరే సేకరం, మనం ఎలకలమైపోనాం రా!" నవ్వు ఆగాక కిటికీలోని పాత సెల్లుల వైపు ఒకసారి చూశాడు. "సెల్లులు" అన్నాడు. అంతే. ఒక్క మాట కూడా నన్ననలేదు. సుమతి మాత్రం లేచి తోటలోకి వెళ్ళిపోయింది.

తిడితే బాగుండేది. తిట్టలేదు కాబట్టి నేను ఆ ఊరు వెళ్ళడం తగ్గించాను, తర్వాత మానేశాను. నాన్నగారికి బదిలీ, నాకు ఉద్యోగం, జుట్టు కత్తిరింపు, పెళ్ళి. 2005 వానాకాలంలో యోసేపు జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. నాకు నెల తర్వాత తెలిసింది. తెలిశాక కూడా వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

2009లో నన్ను అరకు ఆఫీసుకే వేశారు. ఇక తప్పక ఒక ఆదివారం ఆ మూడు మలుపులూ నడిచాను. సుమతి నన్ను గుర్తుపట్టి, "ఇన్నాల్టికా బాబూ" అని కుర్చీ వేసింది. యోసేపు కూతురు రూతుకి పదేళ్ళు. అచ్చం అవే కళ్ళు.

"మావా, మా నాన్న ఎంత బేగి వాయించేవోడో తెలుసా? మా బడిలో అందరికీ సెప్పాను. ఇలాటోడు దేశంలోనే లేడు" అంటూ అదే పాత టేపురికార్డర్లో ఆ క్యాసెట్ పెట్టింది. కరెంటు మీద ఎలకల పెళ్ళి మొదలైంది. ఆ గుంట గర్వంగా నా మొహంలోకి చూస్తోంది.

నేను నవ్వలేదు. ఏడ్చాను. ఏడుస్తూనే పదేళ్ళ పిల్లకి పదమూడేళ్ళ నాటి సంగతంతా చెప్పాను, మాస్టారితో అన్న మాటతో సహా. సుమతి గుమ్మంలో నిలబడి వింది. రూతు టేపు ఆపి, "మరైతే మా నాన్న నిజింగా ఎలా వాయించేవోడు?" అంది.

కిటికీలో పాత సెల్లులున్నాయి. ఆ ఇంట్లో సెల్లులు ఎప్పుడూ పారెయ్యరు. వాటిని రేకు మీద ఎండబెట్టాం. రూతు క్యాసెట్‌ని పెన్సిలుతో మొదటికి తిప్పింది. కరెంటు వైరు పీకి, ఆ నీరసపు సెల్లులేసి నొక్కాను.

యోసేపు వచ్చాడు. పరుగు లేదు, సన్నగా, తన నడకలో, గెడ్డ రాళ్ళ మధ్య నుంచి వచ్చినట్టు వచ్చాడు. సెల్లులు నీరసించేకొద్దీ టేపు ఆనాటిలాగే నెమ్మదించి, ఆ పరుగు సర్దుకుంది. సుమతి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నా మోత. అది కూడా వాడిని పూర్తిగా ముంచలేదు. నేను ఉరికిన ప్రతిచోటా వాడు తగ్గి, నేను పడిపోకుండా కింద పట్టుకుని ఉన్నాడు. నాకు అది పదమూడేళ్ళకి వినబడింది. చివరికొచ్చేసరికి టేపు మూలిగి ఆగిపోయింది.

"ఇంకా ఉన్నాది మావా. ఆకర్న కీచుమని నాన్న ఏదో అంటాడు. కరెంటు మీద తెలీదు" అని రూతు సెల్లులు తీసి మళ్ళీ ఎండలో పెట్టింది. గంటసేపు ముగ్గురం ఆ రేకు వంకే చూస్తూ కూర్చున్నాం.

మళ్ళీ వేసి నొక్కితే, నా డబ్బా గీపెట్టు వెనక నుంచి యోసేపు గొంతు వచ్చింది, ఆ రోజు నేను వినిపించుకోని మాట.

"బాగున్నాదిరా సేకరం. ఇంకోపాలి కొత్త సెల్లులేసి వాయిద్దుం."

అందుకని అరకు కొండల సాక్షిగా, మా ఆఫీసు మీటర్ల సాక్షిగా, గార్డుగారి గేదె ఆత్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరితో కలిసి వాయించినా కొత్త సెల్లులు ముందు వాళ్ళకే. తప్పితే నా తలకాయ పగిలిపోవుగాక. ఈ ప్రమాణం ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. యోసేపు తర్వాత నాతో కలిసి వాయించినవాడు ఎవడూ లేడు.