నా నవల వెనకున్న తత్వవేత్తలు

ఈ రోజు చొప్పదండి చర్చిలో ఆరాధన అయ్యాక, నేను రాసిన క్రైస్తవ ఫాంటసీ నవల గురించి సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరుగారు. ఎవరి ప్రభావమని అడిగితే, ఎప్పటిలాగే గ్రీకు తత్వవేత్తల పేర్లు వల్లించాను. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చేసింది. ఇంతలో ఆడవాళ్ల వైపు చాప మీంచి మా అమ్మ లేచింది.

"సాక్ష్యంల అబద్ధం చెప్పద్దు బిడ్డా. నీ పుస్తకంల రాక్షసుడు మీ తాతనే. బాప్తిస్మం తీసుకోకముందు చిందు భాగోతంల గా ఏషం కట్టెటోడు. ఆయన కథలు ఇనుకుంటనే నువ్వు పండెటోనివి."

చిన్నచూపు చూస్తారని ఆ భాగోతం సంగతి మా ఇంట్లో ఎవరం బయట చెప్పుకోం. తలెత్తలేకపోయాను.

పాస్టరుగారు మెల్లగా, "గా భాగోతంలనే మా బాపు మద్దెల కొట్టెటోడు అవ్వా" అన్నారు.

సగం కూడా చదవని గ్రీకులను ఇన్నేళ్లు మోసి అలసిపోయాను. ఇది చదువుతున్న మీరు ఎవరి పేరు దాచారు?