కిలో డబ్బా సున్నం

2022 జూలై. గిద్దలూరులో నా పురుగుమందుల దుకాణానికి అప్పటికి పదకొండేళ్ళు. బీఎస్సీలో కెమిస్ట్రీ చదివి కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి కాబట్టి, మిగతా దుకాణాల వాళ్ళకన్నా నాకు నాలుగు ముక్కలు ఎక్కువ తెలుసన్న పొగరు కొంచెం ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

ఆ నెలలో ఒక పొద్దున ఓబులమ్మ వచ్చింది. రాచర్ల దగ్గర పల్లె ఆమెది. రెండు వందల బత్తాయి చెట్లు, నాటి ఐదేళ్ళు. మధ్యలో ఒక ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకరు తెప్పించి, చెట్టు చెట్టుకూ బిందెతో పోసి బతికించుకున్న తోట. వానలు మొదలయ్యాక మొదళ్ళలో బంక తెగులు కనిపించిందని పది రోజుల కిందట నా దగ్గరే కిలో మైలుతుత్తం ప్యాకెట్ కొన్నది. తుత్తాన్నీ సున్నాన్నీ విడివిడిగా నీళ్ళలో కలిపి, ఆ రెంటినీ కలిపితే వచ్చేదే బోర్డో మిశ్రమం. పాతకాలం మందే అయినా ఈ తెగులుకు ఇప్పటికీ దాన్ని మించింది లేదు. "కిలో తుత్తానికి కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు" అని అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పి పంపాను.

ఈసారి చేతిలో సంచి లేదు. మాడిన ఆకుల గుత్తి ఒకటి తెచ్చి కౌంటర్ మీద పడేసింది.

"ఏంది ఖాదరన్నా, ఇట్ల చేస్తివి? నీ మందు కొట్టినాక రెండు సాళ్ళు మాడిపోయినాయి. దొంగ మందు అంటగడితివి గదా నాకు!"

దుకాణంలో ఇంకా నలుగురున్నారు. నాకు చర్రున మండింది. "దొంగ మందు అమ్మేంత గతి నాకింకా పట్టలేదక్కా. నువ్వే ఏదో తప్పు కలిపి ఉంటావు" అని గట్టిగానే అన్నాను.

ఆమె తగ్గలేదు. "అయితే వచ్చి చూడు. మా ఆయన జేసీబీ పిలుస్తానంటన్నాడు. మిగతా చెట్లకు ఈ వారంలో మందు పడకపోతే మళ్ళా వానకు అన్నిటికీ బంక పాకుతాది. పీకి పొగాకు వేద్దామంటన్నాడు. ఐదేండ్ల చెట్లన్నా అవి!" నేను బండి తాళాలు తీసుకున్నాను.

తోటలో ఇరవై చెట్లు నిప్పు సెగ తగిలినట్టున్నాయి. మిగిలిన మందు ప్లాస్టిక్ డ్రమ్ము అడుగున ఇంకా ఉంది. సరిగ్గా కుదిరిన బోర్డో మిశ్రమాన్ని కదపకుండా ఉంచితే నీలం ముద్ద అడుక్కు దిగి, పైన నీళ్ళు తేటగా ఉండాలి. ఇక్కడ పైనున్న నీళ్ళు కూడా నీలంగానే ఉన్నాయి. ఆమె కొడవలి అడిగి తీసుకుని, రాతి మీద రుద్ది, ఆ నీళ్ళలో కాసేపు ముంచి తీశాను.

"ఇదేందన్నా, ఇనుముకు రాగి పూత పట్టె?" అంది ఓబులమ్మ.

తుత్తంలోని రాగి సున్నంతో కలవకుండా నీళ్ళలో మిగిలి ఉంటేనే ఇనుము మీద అలా ఎర్రగా పేరుకుంటుంది. ఆకును కాల్చింది కూడా ఆ రాగే. అంటే మందు అసలుదే, సున్నమే చాలలేదు.

"ఏ సున్నం వేసినావక్కా?"

"ఉగాదికి ఇల్లు వెల్ల వేయంగా మిగిలింది, సంచిలో ఉండె."

"ఎంత?"

"కిలోనే. తూకం యాడిది మా ఇంట్లో? బియ్యం కొలిచే కిలో డబ్బా ఉంది గదా, తలకొట్టి పోసినా."

అదే డబ్బాతో సున్నం కొలిపించి, దుకాణానికి తెచ్చి తూచాను. ఐదు వందల యాభై గ్రాములు. బియ్యం కిలో పట్టే డబ్బాలో పొడి సున్నం సగానికి కాస్త పైన తూగింది. చిటికెడు తీసి నిమ్మరసం పిండితే బుసబుస పొంగింది. మంచి సున్నమైతే అలా పొంగదు. మూతి కట్టని సంచిలో నాలుగు నెలలు గాలి పీల్చుకుని, చాలావరకు సుద్దగా మారిపోయింది. కాలేజీ ల్యాబ్‌లో తెలిసినాయన చేత టైట్రేషన్, అంటే కొలిచిన ఆమ్లంతో బలం చూసే పరీక్ష, చేయిస్తే పనికొచ్చే సున్నం మూడో వంతే మిగిలిందని తేలింది.

ఇక్కడే నా చదువు అక్కరకొచ్చింది. రసాయనాలు బరువును చూసి కలవవు, కణాల లెక్కన కలుస్తాయి. అరటిపళ్ళను డజన్లలో లెక్కపెట్టినట్టు ఆ కణాలను మోల్స్‌లో లెక్కపెడతారు. తుత్తం ఒక మోల్ దాదాపు రెండు వందల యాభై గ్రాములు, తడిపిన సున్నం ఒక మోల్ డెబ్బై నాలుగు. కిలో తుత్తమంటే నాలుగు మోల్స్. దానికి నాలుగు మోల్స్ సున్నం ఉంటే భయం లేదు. ఓబులమ్మ వేసిన దాంట్లో పనిచేసేది నూట ఎనభై గ్రాములే, రెండున్నర మోల్స్ కూడా నిండలేదు. చిత్రమేమిటంటే, ఆ పాత సున్నమే నిజంగా కిలో తూచి వేసి ఉంటే నాలుగున్నర మోల్స్ అయ్యేవి, గండం గడిచేది. సున్నం ఎలాంటిదైనా సరిపోవాలనే కిలోకి కిలో అన్నారు. డబ్బా ఆ వెసులుబాటును కాస్తా మింగేసింది.

మర్నాడు బట్టీ నుంచి కొత్త సున్నపు రాళ్ళు తెచ్చి, దుకాణం త్రాసు బండి మీద పెట్టుకుని పోయాను. తూచి, రాళ్ళను తడిపి, చల్లారాక కలిపాం. కొడవలి ముంచితే ఇనుము ఇనుములాగే ఉంది. ఓబులమ్మ నమ్మకుండా తనే ఇంకో రెండుసార్లు ముంచి చూసింది. వాన వచ్చేలోపు నూట ఎనభై చెట్లకూ మందు పడింది. బంక ఆగింది. నెల తిరిగేసరికి మాడిన సాళ్ళలో కూడా చిగురు కనిపించింది. జేసీబీ రాలేదు.

ఆ చిగురు చూడడానికి పిలిచిన రోజు ఆమె మామూలుగానే అడిగింది: "ఈ కొడవలి సంగతి మందు అమ్మిననాడే చెప్పుంటే ఏం పోయేదన్నా?"

సిగ్గేసింది. మోల్స్ లెక్కలు రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాణ్ణి, పదకొండేళ్ళలో ఒక్కరినైనా ఏ సున్నం వేస్తున్నావు, దేంతో కొలుస్తున్నావు అని అడగలేదు. ఇప్పుడు ఆ రెండూ అడగందే, ఇనుముతో పరీక్ష చేసి చూపించందే తుత్తం ప్యాకెట్ ఇవ్వను.

కానీ ఆ రోజు తిరిగొస్తుంటే దారిలో ఇంకొకాయన గుర్తొచ్చాడు. కంభం వైపు పెద్దాయన, అంతకు మూడేళ్ళ కిందట నా దగ్గరే తుత్తం కొన్నాడు. మరుసటి ఏడు వచ్చినప్పుడు నిమ్మతోట ఎట్లుందని అడిగితే, "మందు కొడితే మాడిపోయినాయి నాయనా, పీకేసినా. మా రాత అంతే" అన్నాడు. ఓబులమ్మలాగా ఆయన నా మీద అరవలేదు. నేనూ "అంతేలే పెద్దాయనా" అని, ఆయన అడిగిన మిరప విత్తనాలు కట్టి ఇచ్చాను.