తిరగరాయడానికి గడి లేని టైంటేబులు

మా మనవరాలి కాలేజీలో పరిశోధనా వ్యాసం రాయడం నేర్పే కోర్సు ఒకటుంది. మామూలుగా ఆరు నెలలు చెప్పేదాన్ని ఎండాకాలం సెలవుల్లో కొన్ని వారాలకు కుదించి చెబుతారు. ఈ వేసవిలో తను అందులో చేరింది. తాంబరంలోని వాళ్ళ ఇంటి నుంచి రోజూ వచ్చి పోవడం కష్టం కనుక, ఆ వారాలు టి. నగర్‌లో నా దగ్గరైనా ఉండాలి, పురసవాక్కంలో వాళ్ళ నాన్నను కన్న అవ్వ దగ్గరైనా ఉండాలి. నా దగ్గరే ఉండాలని నా పట్టుదల.

పని చాలా ఉంటుందని విన్నాను గనుక ముందే సిద్ధమయ్యాను. నా డైరీలన్నీ అటక మీదికి ఎక్కించి రాతబల్ల ఖాళీ చేశాను. కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టించాను. పెద్ద చార్టు మీద స్కేలుతో గళ్ళు గీసి, ఏ రోజు చదవాలో, ఏ రోజు నోట్సు తీయాలో, ఏ రోజు రాసి ఇచ్చెయ్యాలో నింపి గోడకు అంటించాను. ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు.

మనవరాలిని దింపడానికి వియ్యపురాలు కూడా వచ్చింది. ఇద్దరూ చార్టు ముందు నిలబడ్డారు.

"ఏందన్నా ఇది, పాపకా, సెంట్రల్ స్టేషనుకా?" అంది వియ్యపురాలు.

పిల్ల పగలబడి నవ్వింది. నా మాటలకు అది అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

"తాతా, తిరగరాసేది ఏ గడిలో ఉండాది?"

"మొదటే సరిగ్గా రాస్తే తిరగరాయడం ఎందుకమ్మా?"

"ఐయో! మేడమ్ ఒక్కో వ్యాసం మూడు సార్లు రాపిస్తారు తాతా. కోర్సే అది."

ఇన్నేళ్ళ డైరీల్లో నేను ఒక్క వాక్యం కొట్టేసింది లేదు. అందరూ అలాగే రాస్తారనుకున్నాను.

ఆ ఆదివారమే పిల్ల పురసవాక్కం పోవడానికి బ్యాగు సర్దుకుంది. "ఆ ఇంట్లో టీవీ ఆగదు కదా, ఆడెట్లా చదువుతావు?" అన్నాను.

"ఆడ తప్పు రాసినా ఎవరూ చూడరు తాతా. అవ్వ ఏమీ అడగదు, చుమ్మా, ఊరికే పక్కన కూర్చుంటాది."

ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా ఒక అర్హతేనా అని వారమంతా ఉడికిపోయాను. చివరికి కొత్త చార్టు తెచ్చి, ప్రతి వ్యాసం పక్కనా ఖాళీ గళ్ళు వదిలి గీసి, చుట్టచుట్టుకుని ఆటో ఎక్కాను.

నేను వెళ్ళేసరికి పిల్ల నేలమీద బాసింపట్టు వేసుకుని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుంది. వియ్యపురాలు ఎదురుగా మునగాకు గిల్లుతోంది. నా చార్టు వంక ఎవరూ చూడలేదు. రాయపురంలో చేపలమ్మే ఆడవాళ్ళు ధర ఎలా తేలుస్తారన్నది పిల్ల ఎంచుకున్న విషయం. ఇంగ్లీషులో రాసింది అవ్వకు తెలుగులో చెబుతోంది.

"నాకర్థం కాలా," అంది అవ్వ. "ముందు ధర చెప్పేది అమ్మే ఆమా, కొనే ఆమా?"

పిల్ల ఆగింది. "అవును గదా, అది రాయనే లేదు" అంటూ టకటకా దిద్దుకుంది. మళ్ళీ చదివింది. అవ్వ మళ్ళీ అర్థం కాలేదంది. అన్న ప్రతిసారీ పిల్ల తలెత్తి ఆమె ముఖం వంకే చూస్తోంది.

నాకు ప్రతి ముక్కా అర్థమైంది. మంచి ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, నా అర్థం కావడంతో అక్కడ ఎవరికీ పని లేదు.

"నాకూ అర్థం కాలేదమ్మా," అన్నాను.

పిల్ల చప్పున నా వైపు తిరిగింది. "ఏది తాతా? ఏ మాట?"

ఏ మాటో నేను ఆలోచించి పెట్టుకోలేదు. "మొదటి నుంచి చెప్పు," అన్నాను.

వియ్యపురాలు నన్నొకసారి తేరిపార చూసి, ఆకుల పళ్ళెం పక్కకు జరిపింది.

"ఈడకొచ్చి కూర్చో అన్నా. బాగా ఇనపడతాది."